చెరుకు బండి వెనకాల

చోడవరంలో మెకానిక్ హరిబాబు ఏ ఇంజను విప్పే ముందైనా స్క్రూడ్రైవర్‌ కొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. కారుకి జోరు పెంచే టర్బో పెట్టమని వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతాడు: "ముందు సెరుకు ట్రాక్టరుంటే ఎలా దాటుతావు బాబూ?" విశాఖలో ఉద్యోగం చేసే గోపీ తన పన్నెండొందల సీసీ ఇంజనే ఉంచి, పెద్ద టర్బో పెట్టమన్నాడు. "సిన్న ఇంజనుకి పెద్ద టర్బో పెడితే, నువ్వు యాక్సిలరేటర్ తొక్కేక అది లెగిసి జోరందుకునేసరికి ఆలస్యమైపోతాది" అని హరిబాబు పట్టుబట్టి పదహారొందల సీసీ ఇంజను ఎక్కించి, చిన్న టర్బో బిగించాడు. గోపీ మొహం ముడుచుకునే తాళం అందుకున్నాడు.

కారు నడిపి చూడ్డానికి ఇద్దరూ వడ్డాది రోడ్డెక్కారు. గోపీ నడుపుతుంటే హరిబాబు స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్కన కూచున్నాడు. చెరుకు లోడుతో ట్రాక్టరు అడ్డొచ్చింది. గోపీ కారుని కుడికి తీసి సగం దాటేసరికి మలుపులోంచి బస్సు వచ్చింది. గోపీ యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ఆ తొక్కుతోనే ముందుకు దూకి, ట్రాక్టరుని దాటి ఎడమకి వచ్చేసింది. బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మలుపు దాటి కారు చాలాదూరం వచ్చేసింది.

"పెద్ద టర్బో అయితే ఏటయ్యేది అన్నా?" అన్నాడు గోపీ చివరికి.

"ఇదిగో, అది ఇప్పటికి లెగిసేది," అన్నాడు హరిబాబు. ఒళ్లో ఉన్న స్క్రూడ్రైవర్‌ని అప్పుడుగానీ వదల్లేదు. అరచేతిలో దాని పిడి గాట్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.