దయ్యాల ఆటలో అతని వంతు

దయ్యాల ఆట ఆడటానికి మా నలుగురికీ కుదిరేది ఆదివారం మధ్యాహ్నం. ఫిల్మ్ నగర్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్ హాల్లోకి ఆ వేళకి ఎండ ధారాళంగా పడుతుంది. కింద స్టూడియో వ్యాన్లు, ఆటోలు హారన్లు మోగిస్తుంటాయి. వంటింట్లో కుక్కర్ కూతలు పెడుతుంటుంది. భయపడటానికి ఇంతకంటే పనికిమాలిన వేళ ఉండదు. అయినా బాగానే భయపడేవాళ్లం.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. హీరోయిన్లకు గొంతివ్వడంతో మొదలుపెట్టి, వదినలు, అత్తగార్ల మీదుగా ప్రయాణించి, ఇప్పుడు ఎక్కువగా దయ్యాల దగ్గర స్థిరపడ్డాను. మైకు ముందు ఎన్నిసార్లు చచ్చి లేచానో నాకే గుర్తులేదు. అలాంటిదాన్ని ఒక అట్టబోర్డు చూసి జడుసుకుంటానని ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఆట తెచ్చింది మా ఎడిటర్ మిత్రుడు. నాలాగే గుంటూరు వైపు మనిషి. జూబ్లీ హిల్స్‌లో ఏదో కాఫీ షాపుకి ఎవరినో కలవడానికి వెళ్తే, అక్కడ పిల్లలు కాఫీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇలాంటి ఆటల మీద వంగిపోయి ఉన్నారట. కలవాల్సిన మనిషి రాలేదు కానీ వీడు మాత్రం ఆ పిల్లల వెనక నిలబడి సాయంత్రం దాకా చూశాడు. మరుసటి వారం డబ్బా చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు. అతను కో-డైరెక్టరు. ఆమె టోలిచౌకిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఇద్దరిదీ తెలంగాణే, నన్ను అక్కా అంటారు.

ఆట సులువే. ఒక పాత బంగళా. గదులన్నీ అట్టముక్కలు, బోర్లించి ఉంటాయి. లోపలికి అడుగు పెట్టినప్పుడే తిరగేసి చూడాలి. మనకు తలా ఒక బొమ్మ, దయ్యానికి ఒక నల్లబొమ్మ. ఇందులో ఒకరినొకరు ఓడించుకోవడం ఉండదు. నలుగురం ఒకే జట్టు. దయ్యం తరఫున ఎవరూ ఆడరు, తీసిన కార్డు ఎలా చెబితే అలా అది కదులుతుంది. బంగళాలో ఎక్కడో దొరికే దీపాన్ని ప్రార్థన గదికి చేర్చి వెలిగిస్తే అందరం గెలిచినట్టు. ఆ గదిని మేం పూజగది అనేవాళ్లం. ఒక్కరు దయ్యం చేతికి చిక్కినా అందరం ఓడినట్టే. వంతు వచ్చినవాళ్లకు ఎవరైనా సలహా ఇవ్వచ్చు, బొమ్మను మాత్రం వాళ్లే కదపాలి.

సినిమావాళ్లం కదా, మొదట్లో ఆడటం మానేసి స్టోరీ సిట్టింగ్ పెట్టేశాం. దయ్యం మేడ మీదే కూర్చుంటే సెకండాఫ్ సాగదీసినట్టు ఉంటుందని ఎడిటర్ గొడవ. కార్డులు చదవడం నా వంతు కాబట్టి నేను ఒక్కో కార్డునీ రీరికార్డింగ్ సంగీతం లేని లోటు తెలియకుండా చదివేదాన్ని. ఎడిటర్ మరీ మితిమీరి దయ్యాన్ని కిందికి జరపబోతే, టీచరమ్మ రూల్స్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "దీంట్ల గట్ల లేదన్నా. దాన్ని గాడనే పెట్టు" అనేది. మా అందరిలోకీ బుర్ర ఉన్నది ఆవిడకే.

ఆవిడ భర్త సంగతి వేరు. ఎవరి బొమ్మ ఏ గదిలో ఉంది, ఎవరి చేతిలో టార్చి ఉంది, ఏ తలుపు ఎప్పుడు మూసుకుంది, అన్నీ అతని నాలుక చివర ఉండేవి. షూటింగ్‌లో అతని పని అదే. పొద్దున తీసిన సీన్లో హీరో గడియారం ఏ చేతికుందో సాయంత్రం చెప్పగలిగినవాడే కో-డైరెక్టరు. కానీ తన వంతు వచ్చేసరికి మా మొహాలు చూసేవాడు.

"అక్కా, ఏం జేద్దాం?"

"మెట్ల వైపు వెళ్లు" అంటే మెట్ల వైపు. "వద్దు, ఆగు" అని ఎడిటర్ అంటే ఆగేవాడు. ఇద్దరం చెరొకటీ చెబితే బొమ్మను గాల్లో పట్టుకుని కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది. అలాగని అది చేతకానితనం కాదు. పదహారేళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. డైరెక్టర్ తానా అంటే కో-డైరెక్టర్ తందానా అనాలి. సెట్లో "నాకు ఇలా అనిపిస్తోంది" అన్నవాడి కుర్చీలో మర్నాడు ఇంకొకడు కూర్చుంటాడు. పదహారేళ్లు కుర్చీ కాపాడుకోవడం మామూలు విషయం కాదు.

అలాంటి మనిషి సొంతంగా ఒక కథ తయారుచేసుకున్నాడు. అదీ దయ్యం కథే. చనిపోయిన ముసలవ్వ ఇల్లు వదలదు. ఎవరినీ పీడించదు, కనిపించదు కూడా. ఇంట్లోవాళ్లు అన్నానికి కూర్చుంటే పక్కన ఇంకొకరు కూర్చున్నట్టు ఉంటుంది. ఖాళీ పీట తాకి చూస్తే వెచ్చగా ఉంటుంది. అంతే. ఆ పీట సంగతి అతను మొదటిసారి చెప్పినప్పుడు మిట్టమధ్యాహ్నం నాకు రోమాలు లేచాయి. నేను మైకు ముందు పెట్టిన కేకలన్నీ కలిపినా ఆ పీటకు సాటి రావు.

ఒక నిర్మాత కథ విన్నాడు, నచ్చిందన్నాడు. అయితే దయ్యానికి పగ ఉండాలన్నాడు. అవ్వను ఎవరో చంపాలి, ఫ్లాష్‌బ్యాక్ పడాలి, మనవడు పగ తీర్చుకోవాలి. అలా మారిస్తే వెంటనే పని మొదలుపెడదాం, ఆదివారం సాయంత్రానికల్లా ఏదో ఒక మాట చెప్పమన్నాడు.

ఇంకేముంది, ఆ వారమంతా కనిపించిన ప్రతివాడినీ సలహా అడిగాడు. నన్ను అడిగితే ఒప్పేసుకోమన్నాను. ముందు ఒక సినిమాతో బయటపడు, ఆ తర్వాత నీ ఇష్టమొచ్చిన పీటలు తీసుకో అన్నాను. పగ పెడితే అది ఇంకో దయ్యం సినిమా అవుతుంది, నీది కాదని ఎడిటర్ అన్నాడు. అతను ఇద్దరికీ "కరెక్టే" అన్నాడు. అడిగినవాళ్లందరి సలహాల వల్లా ఆ అవ్వ ఒకసారి విషం తాగి, ఒకసారి బావిలో పడి, ఒకసారి ఆస్తి కోసం కొడుకు చేతిలో చచ్చిపోయింది. పాపం, బతికుండగా కూడా ఆవిడ అంత కష్టపడి ఉండదు.

ఆ ఆదివారం వంటింట్లో టీ పెడుతుంటే టీచరమ్మ కప్పులు కడుగుతూ నా పక్కన నిలబడింది. నువ్వేమంటావని అడిగాను.

"నేనేమంటే గదే చేస్తడక్కా" అంది. "సినిమా ఆడినా పోయినా జిందగీ అంతా నా మాట మీదనే చేసిండని ఉంటది. ఆయనది ఆయనకు ఉండద్దా? గందుకే నోరు కట్టుకున్న."

తడి కప్పులు తుడిచి ట్రేలో పెట్టింది.

ఆట మొదలైంది. నిర్మాత ఎప్పుడు చేస్తాడో అని అతను ఫోన్ బోర్డు పక్కన బోర్లా పెట్టాడు. మా నలుగురి చూపులూ బంగళా మీద ఎంతసేపున్నాయో దాని మీదా అంతసేపే ఉన్నాయి. అయినా ఆరోజు ఆట మాత్రం ఎన్నడూ లేనంత బాగా సాగింది. దీపం అతనికే దొరికింది. చివరికి అతని వంతు వచ్చేసరికి దయ్యం ఒక గది వెనకే ఉంది, పూజగది ముందే ఉంది. లోపలికి వెళ్లి పాచిక వేస్తే ఒకటి తప్ప ఏది పడినా దీపం వెలుగుతుంది. అంతకంటే సులువైన గెలుపు మాకు ఎప్పుడూ రాలేదు.

"వెళ్లిపో" అన్నాను నేను.

"వెళ్లు, వెళ్లు" అన్నాడు ఎడిటర్. మేమిద్దరం ఒక మాట మీద ఉండటం అదే మొదటిసారి.

అతను బొమ్మ పట్టుకున్నాడు. పూజగది వైపు కాదు, దాని పక్కన ఇంకా బోర్లించే ఉన్న గది వైపు చూశాడు. బోర్డు మొత్తం మీద మేం తిరగెయ్యనిది అదొక్కటే.

"దీంట్ల ఏమున్నదో సూడలే మనం" అన్నాడు.

"ఏముంటే మనకెందుకు? గెలిచాక తీరిగ్గా తిరగేసి చూసుకో!"

"గెలిచినంక చూస్తే వేరే అక్కా."

నేను ఇంకా ఏదో అనబోతుండగానే బొమ్మను ఆ గదిలో పెట్టేశాడు. అట్టముక్క తిరగేశాడు. పాత సామాన్ల గది. ఏమీ లేదు. నేను కార్డు తీశాను. దయ్యం రెండు గదులు ముందుకు రావాలని ఉంది. ఆ కార్డుకు గొంతు మార్చాలని కూడా అనిపించలేదు, రైల్వే అనౌన్స్‌మెంట్‌లా చదివాను. టీచరమ్మ నల్లబొమ్మను జరిపి భర్త బొమ్మ పక్కన పెట్టింది. ఆట అయిపోయింది.

నా నోరు ఆగలేదు. "చేతికందింది నోటికందకుండా చేశావు కదయ్యా! ఎవరైనా చేస్తారా ఇలా? అన్ని వారాలూ చెప్పింది చెప్పినట్టు చేసి, సరిగ్గా ఇవాళే నీకు సొంత బుద్ధి పుట్టాలా?" అని దులిపేశాను. ఎడిటర్ నా వైపు చూసి ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు.

అతనికి కోపం రాలేదు. ఖాళీ గదిని చూస్తూ, "నిజమే అక్కా. నా వల్లనే ఓడినం" అన్నాడు. మళ్లీ, "నా ఒక్కని వల్లనే" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

అతను పనిచేసిన సినిమాల్లో ఆడినవి ఉన్నాయి, పోయినవి ఉన్నాయి. ఆడితే సారు మ్యాజిక్ అనేవాడు. పోతే సారు అనుకున్నట్టు రాలేదనేవాడు. హిట్టయినా ఫ్లాపయినా ఎప్పుడూ ఇంకొకరిదే. నా వల్ల అన్న మాట అతని నోట నేను వినడం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అంతలో అతను ఫోన్ తీసుకుని లేచాడు. నిర్మాతవాళ్లు చేసేదాకా ఆగలేదు. తనే చేస్తూ బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మేం ముగ్గురం కార్డులు సర్దుతున్నట్టు నటించాం. నటన నా వృత్తిలో సగమైనా ఆరోజు నాకు చేతకాలేదు. ఎడిటర్ ఒకే కార్డుల కట్టని పదే పదే సరిచేశాడు. టీచరమ్మ చేతిలో నల్లబొమ్మ అలాగే ఉంది. బయట నుంచి "లేదు సార్" అని ఒకసారి వినిపించింది. తర్వాత చాలాసేపు అవతలివాళ్లే మాట్లాడినట్టున్నారు. చివరికి "మంచిది సార్, ఉంట" అన్నాడు.

లోపలికి వచ్చి ఇందాకటి చోటే కూర్చున్నాడు.

"వద్దన్నరు" అన్నాడు.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఎడిటర్ తల దించుకున్నాడు. టీచరమ్మ మాత్రం అతని మొహంలోకే చూస్తూ, "ఎవరు?" అని అడిగింది.

"ముందుగాల నేను, పగ వద్దని. తర్వాత వాళ్లు, సినిమానే వద్దని."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. మా ముందు ఎన్నడూ అతని చెయ్యి పట్టుకోని మనిషి, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.