ద్వాలి పిలిస్తే తిరిగే పిల్ల

కారేపల్లి దగ్గరి తండాలో ద్వాలి గొంతు ఎరగని మేక లేదు. చేనుగట్టున నిలబడి ఒక్క కేక వేస్తే మందంతా తలెత్తుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఒంటి మీద లంబాడీల అద్దాల రవికా లంగాలే. కొడుకు కోటేష్ సారపాక మిల్లులో పనికి కుదిరాక "ఇక చీర కట్టుకోవే అమ్మా" అంటే, "నీ మిల్లుకు నేనొస్తున్ననా ఏంది?" అని నోరు మూయించింది.

కోడలు కళ్యాణి బడిలో జీవశాస్త్రం చెబుతుంది. ఆమె దిగులంతా కూతురు సోని గురించే. ఏడాదిన్నర దాటినా పిల్లకు మాట రాలేదు, నిలబెడితే తూలిపోతోంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గొట్టం వినికిడికి. దాన్ని ఆనుకునే ఉన్న మూడు వంపు గొట్టాలు ఒంటి నిలకడకు. పుట్టుకతోనే రెండూ దెబ్బతిన్నాయేమోనని ఆమె భయం.

"పిల్లకు చెవుడా? నోరు కడుక్కో పో," అంది ద్వాలి. "నేను పిలిస్తే తిరగట్లేదా? సోనీ!"

సోని వెనక్కి తిరిగి నవ్వింది.

"మీ అత్త పిలిస్తే గుట్ట మీది బండ గూడ తిరుగుతది బిడ్డా," అన్నాడు మామ హాతీరాం.

కళ్యాణి నవ్వలేదు. ద్వాలి పిలుస్తూ చెయ్యి ఊపినప్పుడు, పిల్లకు ఎదురుగా ఉన్న గోడ మీద వెలుగు చుక్కలు పరుగెత్తాయి. సోని వాటి వెంట చూపు తిప్పి, అవి వచ్చిన వైపు చూసింది.

"అత్తమ్మా, అది నీ గొంతుకు తిరగలేదు. నీ రవిక అద్దాల మెరుపుకు తిరిగింది. ఈ గొంగడి కప్పుకొని మళ్లీ పిలువు."

ద్వాలి కసురుకుంటూనే కప్పుకుంది. పిల్ల వెనక కూచుని పేరు పెట్టి పిలిచింది. తర్వాత మేకల కేక వేసింది. దొడ్లో మందంతా కదిలింది. సోని మట్టిలో వేలు పెట్టి గీసుకుంటూనే ఉంది.

ద్వాలి గొంగడి తీసి పక్కన పెట్టింది. "అంతా వింటది" అని ఇన్నాళ్లూ కోడలిని దవాఖానాకు కదలనివ్వనిది తనే.

"రేపే పోదాం బిడ్డా," అంది.

ఖమ్మంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, కళ్యాణి భయపడిందే నిజమన్నాడు. చెవికి మిషన్ పెడితే కొంత వినపడొచ్చు. నడక మాత్రం ఆలస్యంగానైనా వస్తుంది. చెవి చేయాల్సిన పని కళ్లూ పాదాలూ నేర్చుకోవాలి. రోజూ నడిపిస్తుండాలి.

మర్నాడు పొద్దున ద్వాలి సోని చేతులు రెండూ పట్టుకొని, ముఖంలో ముఖం పెట్టి, వాకిట్లో వెనక్కి వెనక్కి నడిచింది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది. పిల్ల ఊగింది. కళ్యాణి ఉలిక్కిపడి చేతులు చాపింది.

"పట్టుకోకు," అంది ద్వాలి, పిల్ల మీంచి చూపు తిప్పకుండానే. "పడితే పడనీ. పాదాలు నేర్చుకోవాలె గదా."

కళ్యాణి చేతులు వెనక్కి తీసుకొని, కొంగులో చుట్టుకొని నిలబడింది.