జగ్గమ్మత్త పడిశం

మా జగ్గమ్మత్తకి ఏడాది పొడుగునా పడిశమే. చీపురుపల్లిలో కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండల్లోనూ ఆవిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "నాకేటి వాసన తెలస్తాదే, పడిశం కదా" అంటుంది. అలా అంటూనే, వీధి మలుపులో చాటుగా నిలబడిన జోగయ్య మావయ్య గురించి, "మీ మావ మళ్ళీ చుట్ట ముట్టించినాడు. ఈ మాటు కొత్త రకం" అని కూడా చెబుతుంది.

ఇది మామూలు పడిశం కాదు. దీనికి తుమ్ము లేదు, దగ్గు లేదు, మందు లేదు. పక్కింటి పాలు పొంగేవేళకి కాస్త తగ్గుతుంది. పాలు పొంగుతున్నాయని ఆవిడ గోడ మీంచి కేకేసి చెప్పాక మళ్ళీ ముదురుతుంది. ఒకసారి మావయ్య ఉండబట్టలేక, "డాక్టరుకి సూపిద్దామేటి?" అన్నాడు.

"ఆయన పొద్దున్న ఉల్లిపాయ తిన్నాడు. నాను పోను," అంది అత్త. డాక్టరు ఉండేది రైల్వే స్టేషను అవతల.

అత్త అంటే మా నాన్నకి అక్క. మా ఇంటి పక్కిల్లే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేసి బడి మానేశాను. అమ్మ కోలుకునేసరికి తరగతి నన్ను వదిలి ముందుకెళ్ళిపోయింది. అసలే మాట తక్కువదాన్ని, ఇంట్లో ఉండిపోయాక అదీ పోయింది. చుట్టాలొచ్చి ఏదైనా అడిగితే నేలకేసి చూసేదాన్ని. మా నేల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అప్పట్నుంచే అత్తకి పడిశం ముదిరింది. మూకుడు పొయ్యి మీద పెట్టగానే గోడ మీంచి పిలుపు.

"ఒసే యమునా, ముక్కు అరువియ్యే."

వెళ్ళేదాన్ని. "ధనియాలు వేగినాయేటి సూడు" అనేది. తలూపేదాన్ని.

"తలకాయ ఊపితే నాకేటి తెలస్తాది? నాను మూకుడుకేసి సూస్తన్నాను. నోటితో సెప్పు."

"వేగాయి."

"ఎలాగ తెలిసింది?"

అక్కడే చిక్కుకునేదాన్ని. పచ్చివాసన పోయిందనో, కొత్త చాప విప్పినట్టుందనో, ఏదో ఒకటి చెప్పేదాకా ఆవిడ మంట తగ్గించేది కాదు. ధనియాలు మాడిపోతాయన్న భయానికి నేను మాట్లాడేదాన్ని. ఈ లోకంలో నేను వాక్యాలు వాక్యాలుగా మాట్లాడింది ధనియాలతోనే.

ఇలా ఉండగా పక్క వీధి ఝాన్సీ అక్క విశాఖపట్నం హోటల్లో పని మానేసి, మా స్టేషను రోడ్డులో చిన్న కొట్టు పెట్టింది. అందులో టాకో అనేది అమ్ముతుంది. మొక్కజొన్న రొట్టె మడిచి, లోపల రాజ్మా కూర పెట్టి ఇస్తారు. కూరకి రుచంతా ఒక పొడిది. ఆ పొడి పేకెట్లు విశాఖ నుంచి ఒక వారం వస్తే రెండు వారాలు రావు.

ఒకరోజు ఖాళీ పేకెట్టు పట్టుకుని అత్త దగ్గరికొచ్చింది. "అత్తా, ఇలాటిది ఇంట్లో సెయ్యగలమేటి? నిలకడగా సేసే మనిషి దొరికితే కొట్లోనే పెట్టుకుంటాను. ఉత్తినే పొడి సేస్తే సాలదు. కౌంటర్లో నిలబడి వచ్చినోళ్ళతో మాటాడాల."

నేను తలుపు వెనక ఉన్నాను. ఆ పని నాకు కావాలి. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా గొంతు తగ్గించుకున్నాను.

అత్త పేకెట్టుని దూరంగా పట్టుకుని చూసింది. "రొట్టె మడిసి ఇత్తే దానికో పేరు, దాన్లో పొడికో పేకెట్టు. ఇది మన పోపులపెట్లోదే. రేపు సాయంత్రం తెస్తాను పో."

ఝాన్సీ అక్క వెళ్ళగానే పిలుపొచ్చింది. "ముక్కు అరువియ్యే."

పేకెట్టు మీద సగం పేర్లు అచ్చేసి, మిగతా సగాన్ని 'మసాలా దినుసులు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వాసన చూసి చెప్పాను. జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, మిరియం, వెల్లుల్లి, ఎండిన ఉల్లి. ఇంకేదో ఆకు ఉంది.

"ఏం ఆకంటావు?"

"వామాకులా ఉందత్తా."

"అలాగంటావా? నాకైతే తెల్దు, పడిశం."

పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, చేటలో వామాకులు అప్పటికే ఎండుతున్నాయి. ఇవెందుకని అడిగితే, "పడిశానికి" అంది.

మర్నాడు పొద్దుటే సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి డాబా మీద ఎండబోశాం. కాకుల కాపలా మావయ్యది. కారం తక్కువగా ఉండి రంగు బాగా ఇచ్చే మిరపకాయలు ఏరాం. జీలకర్ర వేయించాం, అన్నీ దంచాం, జల్లించాం. కూర చిక్కబడ్డానికి గుప్పెడు మొక్కజొన్న పిండి కలిపాం. వేసిన ప్రతిదానికీ అత్త అడిగింది, నేను చెప్పాను. మావయ్య ఆ పొడి చోడంబలిలో చల్లుకుని తాగి, "తెలగపిండి కూరలోకీ బాగుంటాది" అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

"ఆవపిండి కూడా వేస్తే?" అంది అత్త.

"వద్దత్తా. ఆవ వేస్తే ఇది ఇది కాదు."

"సరే, నీ ముక్కు."

ఆవపిండి డబ్బా గురించి ఒక మాట చెప్పాలి. మావయ్య ప్రతి కూరలోనూ ఆవ కుమ్మరిస్తాడని దాన్ని అటక మీద పెట్టింది అత్త. స్టూలెక్కితే గానీ అందదు. ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు.

సాయంత్రం ఇద్దరం కొట్టుకెళ్ళాం. బల్ల దగ్గర ఇద్దరు కాలేజీ అమ్మాయిలు టాకోల కోసం కూర్చున్నారు. అత్త సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. ఝాన్సీ అక్క ఉడుకుతున్న కూరలో వేసి, కలిపి, రుచి చూసింది. చూసి గరిటె పక్కన పెట్టింది.

"అత్తా, ఏటీ అనుకోకు. ఇది పెళ్ళిలో పనసపొట్టు కూరలాగున్నాది."

"మాకు కుదిరింది అదే. నచ్చకపోతే నీ పేకెట్టే తెప్పించుకో," అని లేచింది అత్త. లేచింది గానీ, చెప్పులు దొరకలేదు. చీకట్లో కూడా చెప్పులు తడుముకోని మనిషి, కాళ్ళ ముందున్న జోడు కోసం బల్ల కింద, గుమ్మం అవతల, ఆఖరికి కాలేజీ పిల్లల కాళ్ళ దగ్గర కూడా వెతికింది.

నాకు డబ్బాలోంచి వాసన తగులుతూనే ఉంది. ఝాన్సీ అక్క డబ్బాకి మూత పెడుతోంది. ఆ మూత పడితే ఇక అయిపోయినట్టే.

"ఆవ పడింది," అన్నాను.

అందరూ నాకేసి తిరిగారు. నేల చూద్దామనుకున్నాను గానీ అక్కడ అత్త వెతుకుతోంది.

"దీన్లో ఆవ ఉండకూడదక్కా. మేం దంచినదాంట్లో లేదు. జీలకర్ర ముందుండాలి, వెల్లుల్లి వెనక రావాలి, ఆఖర్న వామాకు. పేకెట్టులోది పాతబడి నీరసంగా ఉంది. మాది ఇంకా బాగుంటుంది."

"వామాకు వేస్తారా దీన్లో?" అంది ఒకమ్మాయి.

"టాకోలు పుట్టిన ఊళ్ళలో ఆకు వేరు. వాసనకి మాత్రం చుట్టాలే," అని చెప్పాను. ఇంకా ఏవేవో చెప్పాను. ధనియాలు వేగడం ఎలా తెలుస్తుందో కూడా చెప్పాను. ఆ అమ్మాయిలు టాకోలు మరిచిపోయి విన్నారు.

అత్తకి ఆ క్షణానే చెప్పులు దొరికాయి. సంచి సర్దుకోబోయి ఆగి, "ఓలమ్మ, ఇదేటి ఇంకో డబ్బా" అంది. "డబ్బాలు మారిపోనాయే ఝాన్సీ. ఇంట్లో ఆవ కలిపి పెట్టుకున్నది నీకిచ్చీసినాను. వాసన తెల్దు కదా, పడిశం."

రెండో డబ్బా పొడితో ఝాన్సీ అక్క మళ్ళీ కొంచెం కూర చేసింది. రుచి చూసి, ఇంకోసారి చూసి, మూడోసారి రుచి కోసం కాకుండానే తినేసింది.

"రేపట్నుంచి వస్తావేటే?"

"వస్తాను." ఎవరిదో గొంతు అనుకున్నాను. నాదే.

ఇంటికి నడుస్తుంటే నా బుర్రలో అటక, స్టూలు తిరుగుతున్నాయి. మోకాళ్ళ నొప్పుల మనిషి పొరపాటున స్టూలెక్కదు.

"అత్తా, స్టూలెక్కావు కదూ?"

"ఈ మోకాళ్ళతోనా?" అంది. అప్పటిదాకా నాకంటే ముందు నడుస్తున్నావిడ వెంటనే కుంటడం మొదలుపెట్టింది.

"ఈ పని నాకు కావాలని నీకెవరు చెప్పారు?"

"ఝాన్సీ కొట్టు ముందుకొచ్చేతలికి నీ నడక నెమ్మదవుతాది. పడిశం ముక్కుకి గానీ, కళ్ళకేటి?"

ఆవిడ చేతిలో సంచి నేనందుకున్నాను. గాంధీబొమ్మ దగ్గరికొచ్చేసరికి అత్త ఠక్కున ఆగి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"మీ మావ అన్నం అడుగంటించీసినాడు."

మా వీధికి ఇంకా రెండు మలుపులున్నాయి. నేనూ గట్టిగా పీల్చి చూశాను. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నాకేం రావడం లేదత్తా."

అత్త నాకేసి జాలిగా చూసింది.

"నీకూ అంటుకున్నట్టున్నాదే," అంది, నడక పెంచుతూ.