తోలు ఊడని కానాగంత

మా మావయ్య పోయారు. మా ఆయన తండ్రి. రెండు వారాల కిందట, మంగళవారం పొద్దున్న, ఆయన్ని పలాసలో డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో వచ్చి వీధిలో ఆగింది. చెప్పులు వేసుకుందామని అరుగు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఊరు దాటితే ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే. బారువ దగ్గర కొబ్బరితోట, నాలుగు జీడిమామిడి చెట్లు, వాటి మధ్య ఆయన ఇటుకలు పేర్చి కట్టుకున్న పొయ్యి. ఆదివారం పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్లి కానాగంత చేపలు తెచ్చేవారు. వాటిని వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. తోటలోనే, ఇనపజాలి మీద కాల్చాల్సిందే.

నేను పలాస పిల్లని. మా పుట్టింటివాళ్లకి జీడిపిక్కల బట్టీ ఉంది. పెళ్లయిన కొత్తలో మావయ్య మెప్పు పొందాలని గోనెసంచీడు జీడిపిక్కల తొక్కలు తెచ్చి పొయ్యిలో పోశాను. మా ఇంట్లో నీళ్లు కాగేది వాటితోనే మరి. భగ్గున మండాయి. ఆ జీడినూనె పొగ చేపలకి పట్టి, ముందుగా రుచి చూసిన మా ఆయన నాలుక రెండు రోజులు మండింది. మావయ్య కసరలేదు. చేపలన్నిటినీ ఒక కొబ్బరిమొక్క మొదట్లో పాతేశారు.

"ఏటమ్మా, పలాసంతా నా పొయ్యిలోకి తెచ్చీసినావు!" అని పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మొక్క చెట్టయ్యాక దానికి 'కోడలి సెట్టు' అని పేరు కూడా పెట్టారు.

ఆయన పద్ధతి వేరు. కొబ్బరిచిప్పలు మండి, మంట చచ్చి, నిప్పుల మీద బూడిద కమ్మేదాకా చేప జోలికి పోనిచ్చేవారు కాదు. తడి ఉంటే జాలికి అంటుకుంటుందని పాత పంచె గుడ్డతో చేపని, స్నానం చేయించిన చంటిపిల్లలా తుడిచేవారు. జాలి బాగా కాలాక నూనెలో ముంచిన కొబ్బరిపీచుతో రుద్దేవారు. చేప పెట్టేశాక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు.

నా చేతులు ఊరుకుంటేగా! మాడిపోతుందేమోనని అట్లకాడ దూర్చేదాన్ని. తోలు జాలికి, చేప ముక్కలుగా పళ్లెంలోకి.

"దాన్ని నువ్వు పీకకమ్మా. కాలితే అదే వదిల్తాది," అనేవారు. "ఒక్కపాలే తిప్పాల. ఇంకాసేపు ఉండాలనిపించినప్పుడే దించియ్యాల. పళ్లెంలో కూడా ఉడుకుతాది."

మూడేళ్ల కిందట ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే, వింత కబురేమీ కాదు. డాక్టర్లు ఉప్పు మానిపించారు. చేప ఎప్పుడో ఒకసారి, అదీ చిన్నముక్క. నిలబడే ఓపిక లేక తోటలో మంచం వేయించుకుని, నాచేత కాల్పించేవారు.

"నాను పోయేలోపు ఒక్క సేపనయినా తోలుతో తియ్యమ్మా," అనేవారు నవ్వుతూ. ఆయనకది వేళాకోళం. నాకు మాత్రం పంతమైపోయింది. ఎంత పంతం పడితే అంత తొందరపడేదాన్ని, ప్రతిసారీ చిరిగేది. ఆయన ఆ ముక్కే నోట్లో వేసుకుని, "తోలు జాలికి, ముక్క నాకు. తగువు నేదు," అనేవారు. ఉప్పు లేకుండా ఎలా తింటున్నారు మావయ్యా అంటే, "పొగుంది గదమ్మా," అనేవారు.

ఆఖరి ఆదివారం కూడా చిరిగింది. నాకు ఏడుపొచ్చింది. "ఇంకోపాలి సూద్దాం," అన్నారు. ఆ ఇంకోపాలికి ఆయన లేరు.

పెద్దకర్మ నాడు ఆయనకి ఇష్టమైనవి విస్తట్లో పెట్టాలి. "సేప నువ్వే కాల్సమ్మా," అన్నారు అత్తయ్య. తోటలోకి వెళ్లాను. చిప్పలు బూడిద కట్టేదాకా కూర్చున్నాను. చేపని ఆయన పంచె గుడ్డతోనే తుడిచాను. జాలి మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఖాళీ మంచం వైపు చూస్తూ నిలబడ్డాను. నాకిక తొందర లేదు. ఎవరికోసం తొందరపడాలి?

అట్లకాడ ఆనించానో లేదో చేప కదిలింది. తోలు ఎక్కడా చిట్లలేదు. జాలి శుభ్రంగా ఉంది.

అత్తయ్య పళ్లెం వైపు చాలాసేపు చూశారు. "ఉప్పేసినావేటి?" అని నెమ్మదిగా అడిగారు.

వేశానన్నాను.

ఆవిడ చేపని రెండు చేతులతో అందుకుని, తోలు చెదరకుండా, విస్తట్లో అన్నం పక్కన పెట్టారు. దాని మీంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది.