కడపామె చూసిన డచ్చి సినిమా

మస్కట్‌లో హమ్రియా వెళ్లాల్సిన ఆమె, టెలిఫోన్ బూత్ కనిపించగానే రూవిలోనే బస్సు ఆపించి దిగిపోయింది.

తొంభైల నాటి మాట. ఘుబ్రాలో బస్సెక్కి నా పక్క సీట్లో కూర్చున్న ఆమెది కడప జిల్లా. మస్కట్‌లో ఒక డచ్చి కుటుంబం ఇంట్లో పని. ముందురోజు మేడంతో కూర్చుని వాళ్ల భాష సినిమా చూసిందట. మాటలు అర్థం కాలేదు గానీ, అందులో పలకరించుకోని తండ్రీకూతుళ్లు బాగా అర్థమయ్యారు.

"కూతురొస్తే ఆ ముసలాయన పలకలా సార్. ఉడకేసిన ఉర్లగడ్డల గిన్నె మాత్రం ఆమె దిక్కు జరిపినాడు. అచ్చం మా నాయనే! తెల్లోళ్లలో గూడా ఇంత మొండోళ్లుంటారా?" అని నవ్వింది.

వద్దన్నా గల్ఫ్ వచ్చిందని తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"మా ఇంటి ఎదురంగడికి ఫోన్ చేస్తే నాయన్ని పిలుస్తారు. పలక్కపోతే పోనీ, చెవికాడ పెట్టుకుంటే చాలు, నేనే మాట్లాడతా" అంది.

బస్సు కదిలేసరికి ఆమె బూత్‌లో నవ్వుతూ ఏదో చెబుతోంది. అంగడివాళ్లతోనో, తండ్రితోనో నాకు తెలియదు.