ఏడిచే ఆకు

నా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, 2013 అక్టోబరులో ఆరు నెలల వీసా మీద ఇంగ్లండులోని లీసెస్టర్ వచ్చింది. పాలకొల్లు మనిషి. నేను అప్పటికి నాలుగేళ్ళుగా కూతురింట్లో ఉంటున్నాను. వచ్చిన మూడో రోజే, "కూతురింట్లో ఇన్నేళ్ళంటే మీకు చాలా ఓపికండి వదినగారూ" అని మెచ్చుకుంది. ఎక్కడ తగలాలని అన్నదో అక్కడే తగిలింది. నేనూ ఆమెను వదినగారూ అనే పిలిచాను. గారు అన్న మాటను మేమిద్దరం తలుపు గడియలా వాడుకున్నాం.

ఆ ఇంట్లో నాదని చెప్పుకోదగ్గది ఒక కుండీ మొక్క. చేమ జాతిది, చేటంత ఆకులు. 2010లో మార్కెట్లో ఒక్క ఆకుతో కొన్నాను. వదినగారు వచ్చేనాటికి ఏడాకులైంది. హాల్లో కిటికీ పక్కన ఉండేది. ఆదివారం ఆదివారం పావు లీటరు కొలిచి పోసేదాన్ని. చలికాలంలో అంతకు మించి దానికి అక్కర్లేదు.

నవంబరు 12, మంగళవారం ఉదయం చూస్తే ఆకుల కొసల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కింద చెక్కనేల మీద చిన్న మడుగు కట్టింది. అప్పుడప్పుడే పాకుతున్న మనవరాలు అందులో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంది. వదినగారు వచ్చి పిల్లను లాగేసి చంకనేసుకుంది.

"ఆకు ఏడుస్తోందండి. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఏడిచే చెట్టు ఉండకూడదండి. ఆ నీళ్ళు విషమో ఏమో కూడాను."

ఆఫీసుకు బయల్దేరుతున్న అల్లుడు ఆగి, శనివారం దాన్ని తోటలో షెడ్‌లో పెట్టేస్తానన్నాడు. నవంబరు చలిలో ఆ షెడ్‌లో వేడిదేశపు మొక్క వారం కూడా బతకదు. అది అతనికి తెలియదు. ఆమెకు తెలిసినా మానదు. నేను మాత్రం, ఈ ఇంట్లో నాదన్నది ఒకటి బయటికి పోతే తర్వాతి వంతు ఎవరిదా అని ఆలోచించాను.

గుంటూరులో ముప్పై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని. పాఠ్యపుస్తకంలో దీని పేరు బిందుస్రావం. రాత్రిపూట ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. మట్టి బాగా తడిగా ఉంటే వేళ్ళు మాత్రం నీటిని పైకి తోస్తూనే ఉంటాయి. ఆ నీరు ఆకు అంచున ఉండే సన్నటి దారుల్లోంచి బొట్టుగా బయటపడుతుంది. అందులో దాదాపు అంతా నీరే, కాస్త లవణాలుంటాయి. ఆరితే తెల్లమచ్చ మిగులుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఒక బొట్టు నాకితే పిల్లకేమీ కాదు. ఆకు కొరికితే మాత్రం పచ్చి చేమదుంప తిన్నట్టు నోరు మండుతుంది, కనుక పిల్లను దూరంగానే ఉంచాలి. కారడం వల్ల మొక్కకు హాని లేదు. రోజూ కారేటంత తడి ఉంటే మాత్రం వేళ్ళు కుళ్ళుతాయి.

ఇదంతా ఆ సాయంత్రమే చెప్పాను. నా కూతురు ఆసుపత్రిలో డాక్టరు. ఆ వారం అన్నీ నైట్ డ్యూటీలే. అంతా విని, "నువ్వే ఎక్కువ పోస్తున్నావేమో అమ్మా, మర్చిపోయి రెండోసారి" అంది. వదినగారి మాటలు పదీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

బుధవారం కుండీని బాత్రూంలో బరువు చూసుకునే మెషిన్ మీద పెట్టాను. ఆరు కిలోల రెండొందలు. శనివారం తెల్లారి మళ్ళీ పెట్టాను. ఆరు కిలోల తొమ్మిదొందలు. ఈ మూడు రోజుల్లో నేను చుక్క పోయలేదు. ఆరి తేలికవ్వాల్సిన మట్టి బరువెక్కిందంటే పోసేవాళ్ళు వేరే ఉన్నారు.

కాఫీ తీసుకుని హాల్లో మూల కుర్చీలో కూర్చున్నాను. అది కార్తీకమాసం. వదినగారు రోజూ తెల్లవారుజామున చిన్న శివలింగానికి అభిషేకం చేసేది. ఆ నీళ్ళు సింకులో పారబోయకూడదు, చెట్టు మొదట్లో పోయాలి. ఆమె గిన్నె పట్టుకుని వచ్చింది. తోట తలుపు అద్దంలోంచి మంచు పట్టిన గడ్డిని చూసింది. వెనక్కి తిరిగి గిన్నెడు నీళ్ళూ నా కుండీలో ఒంపి, కళ్ళకద్దుకుంది. నన్ను చూడలేదు.

టిఫిన్ల దగ్గర అందరూ ఉండగా అన్నాను.

"వదినగారూ, ఆకు ఏడవడం లేదు. రోజూ గిన్నెడు తీర్థం మీరు పోస్తుంటే, ఇక చాలమ్మా అంటోంది."

ఆమె మొహం ఒక్క క్షణమే మారింది.

"చూశారా అండి. శివుడి నీళ్ళు కక్కేసే చెట్టండి అది. ఇంకా ఇంట్లో ఉంచుకుంటారా?"

నా కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. అల్లుడు నవ్వలేదు. కానీ మొక్క ఎక్కడికీ కదలదని కూతురు చెప్పేసింది, అతను ఇడ్లీ తుంచుకున్నాడు. నన్ను అనుమానించినందుకు కూతురు ఏమైనా అంటుందేమోనని చూశాను. చట్నీ అందుకోమంది.

మర్నాటి నుంచి వదినగారు శాలువా కప్పుకుని, గిన్నెతో తోట తలుపు తీసేది. గడ్డి దాకా వెళ్ళకుండా మెట్టు పక్కనే ఒంపేసి వచ్చేది. ఆ తలుపు తాళం మొరాయిస్తుంది, కాస్త పైకెత్తి తిప్పాలి. నేను చెప్పలేదు. అయిదో రోజుకు ఆకులు కారడం మానేశాయి.

డిసెంబరు ఒకటిన ఆ నీళ్ళు మెట్టు మీద గడ్డకట్టి, చెత్తబుట్ట బయట పెట్టబోయిన అల్లుడు జారి పడ్డాడు. మణికట్టు బెణికింది. వదినగారు కొడుకు చేతికి కట్టు కడుతూ, నాకు వినబడేటట్టు అంది.

"మీ అత్తగారి మొక్కకి నీళ్ళెక్కువవుతాయని నువ్వు చెయ్యి విరగ్గొట్టుకున్నావురా."

ఆ రోజు ఆదివారం. పావు లీటరు కొలిచి, ఆమె ముందు నుంచే వెళ్ళి కుండీలో పోశాను.