నమలని ముద్ద

ఇప్పటికీ నా పక్కన ఎవరైనా తింటూ దగ్గితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ జేజి మొహం ఆమె చూడలేదు కదా.

పంతొమ్మిదివందల అరవైల్లో, వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో, గోరంట్ల బయట మిషన్ వాళ్ళు నడిపే వృద్ధాశ్రమంలో నేను వంటమనిషిని. మొగుడు పోయాడు. పుట్టింటివాళ్ళు పొట్ట చేతపట్టుకుని బెంగళూరు వైపు వెళ్ళిపోయారు. నాకు మిగిలింది ఆ వంటిల్లూ, అక్కడి రెండు పూటల తిండీ. ఇరవై మంది దాకా ముసలివాళ్ళుండేవారు. నాకు నోరెక్కువ. వాళ్ళకూ తక్కువేం కాదు. రోజూ రాగి సంగటే, దాంట్లోకి నీళ్ళలాంటి ఉలవచారు. ఉప్పు చాల్లేదని ఒకరు, కారం చచ్చిందని ఇంకొకరు నన్ను తిట్టేవారు, నేనూ ఊరుకునేదాన్ని కాదు.

కొత్తగా వచ్చిన నర్సమ్మ మొదటి వారమే అందరినీ కాటా ఎక్కించింది. నెల తిరిగాక మళ్ళీ ఎక్కించింది. ఒక్కరూ పెరగలేదు, సగం మంది తగ్గారు. కడుపు నిండుతోంది గానీ ఒంటికి పట్టడం లేదని, పాలో పప్పో శెనక్కాయలో ఏదో ఒకటి పెంచాలని నాకు చెప్పింది. పాలపిండి కలిపిస్తే ముసలివాళ్ళు వాసన చూసి, సున్నం నీళ్ళు తాగిస్తావా అని నా మీద పడ్డారు. శెనక్కాయలంటే అందరికీ ఇష్టమే. మిషన్ వాళ్ళు పంపిన మూట కూడా ఉంది. నమలడానికి పళ్ళేవి?

అప్పుడు నాకు ఆ పాడు ఆలోచన వచ్చింది. సంగటిని మా వైపు ఎవరూ నమలరు. ముద్ద తుంచి, చారులో అద్ది, గుటుక్కున మింగడమే. నమిలేవాణ్ణి చూసి చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. మింగేదానికి పళ్ళెందుకు? శెనక్కాయలు సంగటిలో కలిపేస్తే సరి అనుకున్నాను. నర్సమ్మకు తట్టనిది నాకు తట్టిందని ఒకటే సంబరం. ఆమెకు చెప్పనే లేదు. గింజలు వేయించి రోట్లో దంచాను. మెత్తగా దంచితే నూనె ఊరి రోకలికి అంటుకుంటుంది, మళ్ళీ గీక్కోవాలి. పలుకులుంటేనే రుచి అని నాకు నేనే సర్దిచెప్పుకుని బరకగా వదిలేశాను. నిజం చెప్పాలంటే ఒళ్ళు బద్ధకం.

ఆ మధ్యాహ్నం ఎవరూ తిట్టలేదు. ముద్దలు వేడివేడిగా మింగుతూ ఇంకొంచెం వెయ్యమన్నారు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూస్తున్నాను. గోడ వారన కూర్చునే ముసలామెను అందరం జేజి అనేవాళ్ళం, ఆమెది బెళుగుప్ప వైపు. జన్మంతా కూలి చేసిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. రోజూ నాతో ఎక్కువ పోట్లాడేది ఆమే. పెద్ద ముద్ద మింగి ఒకసారి దగ్గింది. పక్కనున్న తాత, ఎవరో తలుచుకుంటున్నారన్నాడు. పొలమారితే మేం అనే మాటే అది. నేను వెళ్ళి ఆమె నడినెత్తి మీద తడుతూ వేళాకోళమాడాను.

"నీ మొగుడు పైనుంచి తలుసుకుంటాండాడేమో జేజీ."

దగ్గు ఆగింది. తగ్గిందనుకున్నాను. వంగి చూస్తే నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. కళ్ళు నా మీదే ఉన్నాయి. నా చెయ్యి ఇంకా ఆమె నెత్తి మీదే ఉంది, దాన్ని తియ్యాలని కూడా తోచలేదు. అంత భయం నేను నా మొగుడు పోయిన రోజు కూడా పడలేదు.

ఎవరో అరిస్తే నర్సమ్మ వసారాలోంచి పరుగెత్తుకొచ్చింది. జేజిని ముందుకు వంచి వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టింది. మూడో దెబ్బకు ముద్ద కింద పడింది. వెనకే ఇంకేదో జేజి చేతిలో పడితే ఆమె పిడికిలి మూసుకుంది. ఊపిరి ఈల వేసినట్టు లోపలికి వెళ్ళింది. ఏం పెట్టావని నర్సమ్మ నన్ను అడిగింది. సంగటే, పొలమారిందంతే అన్నాను. జేజి నా వైపు చూసింది గానీ పిడికిలి విప్పలేదు.

మర్నాటి నుంచి జేజి నోరు తెరవలేదు. ఉత్త సంగటి మెత్తగా చేసి పెట్టినా మొహం తిప్పుకునేది. రెండు గుక్కల గంజినీళ్ళతో సరి. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. మిగిలిన శెనక్కాయలు పెంటదిబ్బలో పోసి మట్టి కప్పాను. వడ్డిస్తూ ఇరవై గొంతుల వైపూ చూస్తూ ఉండేదాన్ని. నేను తినబోతే ముద్ద గొంతు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. జేజి చచ్చిపోతుందని ఒక భయం. చెబితే నన్ను వెళ్ళగొడతారని ఇంకో భయం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తొమ్మిది రోజులూ రెండోదే పెద్దగా ఉండేది.

పదో రోజు జేజి లేచి కూర్చోలేకపోయింది. నేను నర్సమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను.  ముందు వెళ్ళి రోలు కడుగు అంది ఆమె. ఊళ్ళోంచి గుప్పెడు శెనక్కాయ గింజలు తెప్పించి, వేయించి, పొట్టు తీసి, నీళ్ళు పోసి రుబ్బించింది. వేళ్ళ మధ్య రాసి చూసి, ఇంకా రుబ్బమంది. బట్టలో వడకట్టించి, రాగి అంబలిలో పోసి, బెల్లం వేసి పలచగా కాయించింది. జేజిని గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి గరిటె నా చేతికే ఇచ్చింది.

జేజి పెదాలు బిగించింది. తర్వాత సన్నగా అంది.

"ముందు నువ్వు తాగు."

నోట్లో పోసుకున్నాను. మింగలేను, ఉమ్మలేను, కళ్ళల్లోంచి నీళ్ళు. ఆమె చూస్తూనే ఉంది.

"నీగ్గూడా బయమేనా మే?"

తలూపాను. ఎట్లాగో మింగాను. అప్పుడు జేజి నోరు తెరిచింది. ఒక గరిటె. ఆమె గొంతు కదిలి, అది కిందికి దిగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. రెండో గరిటె. మూడోది. సగం గిన్నె అయ్యాక, సంగటిలో శెనక్కాయలు కలిపింది నేనేనని ఆమెకు చెప్పాను. జేజి కొంగు ముడి విప్పింది. ఆ రోజు పిడికిట్లో మూసుకున్న శెనక్కాయ బద్ద అందులో ఉంది. మరి ఆ రోజే నర్సమ్మకు ఎందుకు చూపించలేదని అడిగాను.

"సూపిచ్చింటే నిన్ను ఎల్లగొట్టింటారు. ఈ కరువులో యాడ తింటావు?"

పది రోజులు నోట్లో ముద్ద పెట్టని మనిషి అన్న మాట అది. గరిటె కింద పెట్టేసి ఏడ్చాను. జేజి విసుక్కుంది.

"ఏడ్సేది తర్వాత. ఇంగో గరిటె పొయ్యి. నిదానంగా."